వలకు కట్టిన కంకణం

మా లచ్చుమమ్మక్క మొగుడు అప్పన్న బావ కొత్త వల కొన్నాడనీ, ఆదివారం దానికి పూజ చేసి రామభజన పెట్టించాలనుకుంటున్నాడనీ బస్సు కండక్టరు చేత కబురు వచ్చింది. మా దీవికి స్వాతంత్ర్యం రావడానికి ముందు సంవత్సరం మాట ఇది. అప్పట్లో నేను కొండమీది సెయింట్ పియర్‌లో పిల్లలకు తెలుగు చెబుతూ భజనలు నడిపించేవాణ్ణి. బావ ఉండేది తూర్పు తీరాన త్రూ దో దూస్ అనే జాలరి ఊళ్ళో. మా చుట్టాల్లో అందరివీ చెరకు నరికిన చేతులే, తెడ్డు పట్టిన చేయి ఆయనది ఒక్కటే. పూజ సంగతి అలా ఉంచండి, అక్క చేతి వంట, బావతో వెక్కిరింతలు, పడవ షికారు! పిలవకపోయినా వెళ్ళేవాణ్ణే.

తెల్లవారగానే మద్దెల భుజాన వేసుకుని తొలి బస్సు ఎక్కాను. మీరూ ఈ దారిన వెళ్ళేటట్టయితే ఆ బస్సే మేలు, కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. కార్తియే మిలితేర్ దగ్గర మంచు, చలి, పైగా సన్నటి వాన. స్వెట్టరు తెచ్చుకోనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. అక్కడినుంచి దిగువకు దిగేకొద్దీ ఎండ వచ్చింది. బస్సులో సగంమంది స్వాతంత్ర్యం కావాలని, సగంమంది వద్దని గొంతులు చించుకుంటుంటే సాంత్ర్ ద ఫ్లాక్ ఎప్పుడొచ్చిందో తెలియలేదు. అక్కడ బస్సు మారాలి. ఆదివారం సంత కాబట్టి రెండో బస్సు కదలడానికి చాలాసేపు పట్టింది. ఈలోగా పూలు, అరటిపళ్ళు కొన్నాను. మొత్తం రెండు గంటల ప్రయాణం. రానూపోనూ బస్సు ఖర్చు ఒక మంచి చేప ధర కూడా కాదు.

రెండో బస్సు డ్రైవరు నా మద్దెల చూసి, “పెళ్ళా, మిస్యే?” అని ఇక్కడి క్రియోల్ భాషలో అడిగాడు.

“కాదు, వలకి పూజ.”

“మరి చేపలకి కబురు పంపారా?” అని పగలబడి నవ్వాడు. నాకూ నవ్వాగలేదు.

బావ ఇల్లు లాగోన్ పక్కనే. ఒడ్డుకీ పగడపు దిబ్బకీ మధ్య ఉండే లోతు తక్కువ సముద్రాన్ని ఇక్కడ అలా అంటారు. అక్క ఎదురొచ్చి, “తమ్ముడూ, చిక్కిపోయావు” అంది. ఆవిడ ఎప్పుడూ అనేదే. పెరట్లో పనసకాయ కూర ఉడుకుతోంది, పాయసం సిద్ధం. ముంగిట్లో సింహాద్రి అప్పన్న పటం, దాని ముందు నిలువెత్తు దీపపు కుందె, పక్కనే చాప మీద కొత్త వల. బావ పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నాడు. నేను ముచ్చటపడి వల కళ్ళలో చిటికెన వేలు పెట్టి చూశాను. దూరలేదు. అంత సన్నకన్ను వల వేయడం నేరమని కొండమీది మాకే తెలుసు, బావకు తెలియదా! చేపల వేటను కనిపెట్టి ఉండే సర్కారు కాపలావాళ్ళు పట్టుకుంటే వల ఒక్కటే కాదు, పడవా పోతుంది. పడవ పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

“బావా, ఇందులో చేప పిల్లలు కూడా మిగలవు కదా” అన్నాను మెల్లగా.

“బామ్మర్దీ, నువ్వు పాఠం చెప్పడానికి రాలేదు, పూజకి వచ్చావు” అన్నాడు. “లాగోన్లో పెద్ద చేప ఏది? అందరూ చిన్నవి పట్టేస్తే నేను ఒక్కడిని చేతులు కట్టుకోవాలా? భజన అయ్యాక తొలి వల వేస్తా. నువ్వూ రా!”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాదంటే వచ్చిన బంధువుల ముందు బావ పరువు పోతుంది. సరేనంటే ఆ పాపంలో నాకూ వాటా. అక్క వైపు చూశాను. ఆవిడ ఏమీ ఎరగనట్టు పసుపు కలుపుతోంది.

పూజ మొదలైంది. మొక్కుకున్నవాళ్ళకి పసుపు దారంతో కంకణం కట్టడం మాలో ఆనవాయితీ, అది ఉన్నంతకాలం వాళ్ళు నీచు ముట్టరు, ప్రాణి జోలికి పోరు. అక్క మణికట్టు చాచింది, కట్టాను. అప్పుడు అందరికీ వినబడేలా, “తమ్ముడూ, వలకి కూడా కంకణం కట్టు” అంది.

బావ పొంగిపోయాడు. “ఆ, కట్టు కట్టు! గట్టిగా కట్టు!” అంటూ తనే వల అంచు ఎత్తి నా చేతికిచ్చాడు. మూడు ముళ్ళు వేశాను. తరవాత దీపం చుట్టూ తిరుగుతూ గొంతులు బొంగురుపోయేదాకా భజన చేశాం. చిన్నప్పుడు నేర్చిన పాటలే, మాటలకు అర్థం తెలియనివాళ్ళు కూడా ఒక్క అక్షరం పొల్లుపోకుండా పాడారు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

హారతి అయ్యాక బావ వల భుజానికెత్తుకోబోయాడు.

“ఆగు” అంది అక్క. “కంకణం కట్టుకున్నది ప్రాణం తీస్తదా?”

బావ వల వైపు, నా వైపు, పటం వైపు చూశాడు. మద్దెల మీద చేయి వేసుకు కూర్చున్న తాతయ్య వరస ఆయన ఒకరు ముందుగా నవ్వాడు. “అయ్యో అప్పన్నా, నీ వల కారెమ్‌లో ఉంది!” కారెమ్ అంటే ఇక్కడ ఉపవాసం. దాంతో అందరూ కడుపుబ్బ నవ్వారు.

“ఎప్పుడు విప్పాలి?” అన్నాడు బావ, ముఖం కందగడ్డ చేసుకుని.

“మొక్కు తీరినప్పుడు. నేను కాపురానికి కొత్తగా వచ్చినప్పుడు నువ్వు తెచ్చేవాడివి కదా, చెయ్యంత పొడుగు కాపితేన్ చేప! అలాంటిది మళ్ళీ ఈ లాగోన్లో దొరకాలని మొక్కుకున్నా. ఆ రోజు విప్పు.” కాస్త ఆగి, “మా అయ్య తోటలో చెరకు జానెడు ఉండగా ఎవరైనా కొట్టారా?” అంది. అంటూనే ఒడ్డున కట్టేసిన పడవ వైపు చూసింది. ఎన్ని రాత్రులు పడవ పోతుందేమోనని బెంగపడిందో అప్పుడు అర్థమైంది నాకు. ఎంత గర్వంగా అనిపించిందో కూడా చెప్పాలి. మా అక్క!

విస్తరి ముందు బావ ముఖం ముడుచుకునే పాయసం మూడుసార్లు వేయించుకున్నాడు. మధ్యాహ్నం, “బుట్టలు తీయాలి, వస్తావా?” అన్నాడు. నీళ్ళలో అంతకుముందే దించిన వెదురు బుట్టలవి, చేపలు లోపలికి దూరి చిక్కుకుంటాయి. పడవలో కూర్చోగానే అసలు కోపం బయటికొచ్చింది. “మీ అక్క సరే. మీ కొండమీది వాళ్ళేం తక్కువా? మార్కెట్లో నిలబడి ‘చిన్నవి ఇవ్వు, వేపుడుకి కరకరలాడతాయి’ అంటారు. మీరు అడిగితేనే కదా మేము పట్టేది?”

నేను వంగి బుట్ట తాడు అందుకున్నాను.

బుట్టలో కూరకు సరిపడా నాలుగు మంచి చేపలు పడ్డాయి. అడుగున అరచేతిలో ఇమిడే కాపితేన్ పిల్ల ఒకటి గిలగిలలాడుతోంది. బావ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఒడ్డున అక్క నిలబడి ఉంది. ఆవిడ వైపు ఒకసారి చూసి, చేపను నీళ్ళలో వదిలేస్తూ, “పో, ఎదిగి రా. నీ కోసం మా ఇంట్లో ఒక వల ఉపవాసం ఉంది” అన్నాడు.

ఆ సాయంత్రం చివరి బస్సులో ఇంటికొస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. చట్టం భయపెట్టినా, నేను నచ్చజెప్పినా కదలని బావను ఒక పసుపు దారం ఆపింది. కానీ ఆయన పడవలో అన్న మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. అందుకే ఆ తీరానికి వెళ్ళే మీకు ఒక్క మాట: చేప కొనేటప్పుడు మీ అరచేతిని దాని పక్కన పెట్టి చూడండి. అరచేతి కంటే చేప చిన్నదైతే, ఎంత తాజాగా ఉన్నా, ఎంత చవకగా ఇస్తానన్నా, ఆ పూట పప్పు తినండి.