చికిలి మాస్టారి చూపు

చికిలి మాస్టారు దేన్నీ పూర్తిగా కళ్ళు తెరిచి చూడరు. బొమ్మనైనా, మనిషినైనా, ముందు పెట్టిన కంచాన్నైనా సరే, కళ్ళు సన్నగా చికిలించి, మెడ ఓ పక్కకి వాల్చి, ఊపిరి బిగబట్టి చూస్తారు. ఆ తర్వాత తీర్పు చెబుతారు. ఆయన దగ్గర తీర్పులు రెండే: "నిలబడింది", "నిలబడలేదు".

పిల్లల పుస్తకాలు వేసే ఓ చిన్న ప్రెస్సులో ముప్ఫై ఏళ్ళుగా బొమ్మలు గీస్తున్నారు. కళ్ళు చికిలిస్తే రంగుల గోల సద్దుమణిగి వెలుగూ చీకటీ మాత్రం మిగులుతాయని ఆయన సిద్ధాంతం. ఆ రెంటితో నిలవని బొమ్మకి రంగు పూయడమంటే, గోడ లేకుండా సున్నం కొట్టడమేనట.

ఒకసారి ఆయన భార్య బట్టల కొట్టులో రెండు గంటలు గాలించి కిటికీ తెరలకి రెండు గుడ్డలు తేల్చింది. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ.

"ఏది తీసుకోమంటారు?"

మాస్టారు చికిలించారు. "రెండూ ఒకటే."

కొట్టు మనిషి జాలిపడి, కళ్ళ డాక్టరు ఏ వీధిలో ఉంటాడో చీటీ మీద రాసిచ్చాడు.

"పెళ్ళికి ముందు నన్నూ ఇలాగే చూశారు" అని ఆవిడ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది. "సిగ్గేమో అనుకున్నాను."

"నిలబడ్డావు కదా" అంటారు మాస్టారు. అంతకు మించిన మెచ్చుకోలు ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

ఆ ప్రెస్సులోనే కొత్తగా చేరిన ఆయన మేనకోడలికి మొదటిసారి ఒక పుస్తకానికి అట్ట మీద బొమ్మ వేసే పని దక్కింది. పుస్తకం మీద ఆమె పేరు పడుతుంది. తోట, తోటలో ఏడు ఎర్రపువ్వులు. "చూస్తే మండిపోవాలమ్మా!" అన్నాడు యజమాని. "సాయంత్రానికి మెషినెక్కకపోతే మాత్రం బయటివాళ్ళకి ఇచ్చేస్తా."

ఆమె ఆకుపచ్చ మీద ఎరుపు మండించింది. మాస్టారు చికిలించారు.

"పువ్వులు కనబడటం లేదు."

"మామయ్యా! అంత ఎర్రగా ఉంటేనూ!"

"ఉండనీ. ఆకులెంత ముదురో పువ్వులూ అంతే ముదురు. నిలబడలేదు."

రెండోది నిలబడలేదు. మూడోది కాసేపు తూలి పడిపోయింది. నాలుగోసారి ఆమె పళ్ళు కొరుక్కుంటూ ఆకుల్ని చీకటిలోకి తోసేసి, పువ్వుల్ని పలచబరిచింది. అప్పటికి నాలుగైంది. ఆమెకి ఏడుపొక్కటే తక్కువ. మామయ్య కాఫీకి వెళ్ళిన సందు చూసి, మొదటి బొమ్మనే చంకలో పెట్టుకుని, ఎందుకైనా మంచిదని నాలుగోది కూడా పట్టుకుని కింద గదికి పరిగెత్తింది.

అక్కడ డబ్బాల్లోంచి రంగులు తీసి చేత్తో కలుపుకునే పాత మెషిను, దాన్ని నడిపే ముసలి ప్రింటరు ఉంటారు. ఆయన మొదటి బొమ్మని వెలుతురులోకి ఎత్తి తీరిగ్గా చూశాడు.

"ఆకులు బ్రహ్మాండంగా ఉన్నాయి తల్లీ. పువ్వులెప్పుడు వేస్తావు?"

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. ఆయన వేళాకోళం ఆడటం లేదు. మెల్లగా నాలుగో బొమ్మ అందించింది.

"ఆఁ, ఇదీ బొమ్మంటే! ఏడు" అన్నాడు ప్రింటరు లెక్కపెట్టి.

ఆమె కళ్ళు అలమర మీద పడ్డాయి. ప్రతి రంగు డబ్బా మీదా మామయ్య చేతిరాత. ఎరుపు మీద ఎరుపనీ, ఆకుపచ్చ మీద ఆకుపచ్చనీ, చదువు రానివాడికైనా తెలిసేంత లావు అక్షరాల్లో.

ఆరింటికి యజమాని తడి అట్టని చూసి మురిసిపోయాడు. "ఇదే నేనడిగింది! ఎరుపు బాగా దట్టించావే!" నిజానికి మొదటిదాంట్లో సగం కూడా వేయలేదు. చీకటి పక్కన నిలబెడితే ఎరుపు తన పని తానే చేసుకుంటుందని ఆమెకి ఆ సాయంత్రమే తెలిసింది. అట్ట మీద పేరు కూడా పడింది.

పైకెళ్ళి నెమ్మదిగా అడిగింది. "కింద ఆయనకి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదని ఎప్పటినుంచి తెలుసు మామయ్యా?"

మాస్టారు కుంచె కడుగుతూనే చెప్పారు. "పద్దెనిమిదేళ్ళు. చిలకని ఎర్రగా అచ్చువేశాడు. వెయ్యి కాపీలు. నేనే అలా వేయమన్నానన్నాను."

"యజమాని నమ్మాడా?"

"బొమ్మలేసే వాళ్ళ గురించి ఏం చెప్పినా నమ్ముతారు. చికిలించడం అంతకు ముందూ ఉంది. మొండితనం అప్పట్నుంచి. కింద వాడితో అనకు, చిన్నబుచ్చుకుంటాడు."

ఆమె ఇంటికి బయల్దేరుతుంటే ప్రింటరు చెయ్యి తుడుచుకుంటూ మెట్ల దగ్గరికొచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"తల్లీ, ఒక మాట. మీ మామయ్యకి చూపు బొత్తిగా ఆనదు. చికిలిస్తే గానీ ఏదీ కనబడదు. ఏ చిలకని ఏ రంగు వేయమంటాడో ఏమో అని, ఇన్నేళ్ళూ నేనే ఓ కంట కనిపెట్టుకుని నెట్టుకొస్తున్నాను. ఆయనతో అనకు, పాపం బాధపడతాడు."