ఆ తోక ఎవరిదో తేలేదాకా

నిన్న పొద్దున ఫోన్ మోగింది. స్క్రీన్ మీద రజియా పేరు.

ఎత్తగానే "నేను ఒప్పుకోను" అన్నాను. మొన్న సాయంత్రం తను గ్రూపులో పెట్టిన పిట్ట ఫొటో మీద మా కొట్లాట ఇంకా తెగలేదు మరి.

అటువైపు రజియా కాదు. కూతురు షాహీన్.

"పెద్దమ్మా... అమ్మీ లేస్తలేదు."

నిద్రలోనే గుండె ఆగిపోయిందట. సాయంత్రం నమాజు తర్వాత మట్టి ఇచ్చి వచ్చారు.

అంటే రజియా ఫోన్‌లో నేను అన్న చివరి మాట "ఒప్పుకోను."

సరే. ఆ మాట మార్చుకోను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. రజియా టేకులపల్లి బస్టాండ్ దగ్గర లేడీస్ టైలర్. నేను అక్కడి హైస్కూల్లో సైన్స్ చెప్పి రిటైరయ్యాను. నా జాకెట్లన్నీ తనే కుట్టేది. కొలత ఏనాడూ తప్పలేదు.

ఫొటో తీస్తే మాత్రం పిట్ట తల ఎప్పుడూ ఫ్రేమ్ బయటే.

షాపు కూతురికి అప్పజెప్పి, స్కూటీ కొనుక్కుని, మెడలో కెమెరా వేసుకుని పొద్దున్నే అడవి రోడ్డు పట్టేది. బజార్లో ఒకాయన అడ్డం వచ్చాడు. "ఈ వయసుల అడవిలకెందుకమ్మా నీకు?"

"ఇన్నేండ్లు సూదిబెజ్జమే చూసిన భాయ్. ఇగ జర పైకి చూస్త."

బండి ఆపకుండానే అంది ఆ మాట.

అలా మొదలైంది మా వాట్సాప్ గ్రూప్, "ఇదేం పిట్ట?". సాయంత్రం తను ఫొటో పెడుతుంది. మేం పేరు చెప్పాలి. జవాబు మర్నాడు పొద్దున. ఆ జవాబు చాలాసార్లు తనకే తెలియదని నాకు ఆలస్యంగా అర్థమైంది. నిలదీశాను.

"మీరు కొట్లాడుకుంటేనే కదక్కా నాకు తెలిసేది!"

రూల్ కూడా తనదే. "ఒక్కరు ఒప్పుకోకున్నా ఆట ఖతం కాదు." ఆ ఒక్కరు ఎవరో మీకు వేరే చెప్పాలా.

ఒకసారి రోడ్డు పక్కన ఎండుటాకుల ఫొటో పెట్టింది. మా గ్రూపులో భాస్కర్ రావు అని బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఉన్నారు. ఏ ఫొటో పెట్టినా "కాకి" అంటారు. నెమలికీ అన్నారు. ఆ ఆకులకీ అన్నారు. నేను చదువుకున్నదాన్ని కదా, నైట్‌జార్ అని రాశాను. పగలంతా ఎండుటాకుల్లో ఆకులా పడుకునే పిట్ట. ఇదిగో కన్ను, ఇదిగో రెక్క అని ఎర్రగీతలు గీసి మరీ చూపించాను.

పొద్దున రజియా జవాబు: "అవి ఉత్త ఆకులే అక్కా. నేను బండి దిగేలోపే పిట్ట పోయింది. ఫొటో డిలీట్ చేయబోయి పంపిన."

గ్రూపు నిండా నవ్వే బొమ్మలు.

నేను తగ్గుతానా? "కనబడకుండా ఉండడమే దాని పని. నీకు కనబడలేదని లేదంటవా?" అని పెట్టాను.

ఆ వారం కొలతలకు పోతే టేపు నా మెడకు చుట్టి అడిగింది. "ఒప్పుకుంటవా, బిగించాల్నా?"

ఒప్పుకోలేదు. ఆ జాకెట్ మాత్రం కాస్త బిగుతుగా వచ్చింది. కొలత తప్పి కాదు. కావాలనే.

ఇక మొన్నటి ఫొటో. ఒక టేకు ఆకు. ఆకు వెనక నుంచి ఒక నల్లటి తోక. అంతే. పక్కా రజియా ఫొటో.

భాస్కర్ రావు గారు కాకి అన్నారు. మిగతా అందరూ కోకిల అన్నారు. నేను జెముడుకాకి అన్నాను, పేరుకే అది కాకి. తోక వెడల్పు చూడండి, కళ్ళుంటే.

"అక్క ఓడిపోయే రోజు వచ్చింది" అని రాసి పడుకుంది రజియా.

నిన్నంతా గ్రూపులో కొవ్వొత్తులు, దండ వేసిన ఫొటోలు. సాయంత్రం భాస్కర్ రావు గారు ఫోన్ చేశారు.

"టీచరమ్మా, గ్రూప్ బంద్ చేద్దాం. అది చూస్తుంటే పానం ఉసూరుమంటుంది. కోకిలే అని అందరం ఒప్పుకున్నం. మీరు గూడ ఒక మాటంటే అయిపోతది."

"మరి మీ కాకి ఏమైంది?"

"ఇడిసిపెట్టిన."

నిన్న అన్నీ తట్టుకున్నాను. ఆ మాట తట్టుకోలేకపోయాను.

కాబట్టి అందరూ వినండి. నేను ఒప్పుకోవడం లేదు. రజియా రూల్ ప్రకారం ఆట ఖతం కాలేదు. గ్రూప్ జోలికి ఎవరూ పోవద్దు. చావు వచ్చి రజియాను పట్టుకుపోయింది. మా ఆటను కూడా పట్టుకుపోతానంటే ఊరుకోను.

దండల ఫొటోలు డిలీట్ చేయండి. కొవ్వొత్తులు కరెంటు పోయినప్పుడు వెలిగించుకోండి.

మూడోనాడు సమాధి దగ్గర జియారత్ ప్రార్థన కాగానే ఆ టేకు చెట్టు దగ్గరికి పోతున్నాను. ఆ చెట్టు షాహీన్‌కు తెలుసట, స్కూటీ తనే నడుపుతానంది. కెమెరా నా మెడలో. మోకాళ్ళను అడగలేదు, అడిగితే వద్దంటాయి. ఆ సాయంత్రం గ్రూపులో ఫొటో వస్తుంది. తల పడుతుందని హామీ ఇవ్వలేను.

భాస్కర్ రావు గారూ, మర్యాదగా కాకి అనండి.

రజియా, చల్లటి మట్టిలో హాయిగా నిద్రపో. అల్లా నీకు పిట్టలున్న చోటే ఇవ్వాలి. నువ్వు బండి దిగేదాకా అవి ఎగిరిపోకుండా కూర్చోవాలి.

అది జెముడుకాకే.