బీరు చేసే అమ్మాయి వాళ్ల నాయిన

తార్నాకలో మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో, టైల్స్ షాపు పైన, నేనూ మా వారూ ఇష్టంగా వెళ్ళే చోటు ఒకటుంది. బీరు అక్కడే తయారుచేసి అక్కడే పోస్తారు. పది పన్నెండు బల్లలు, కిటికీలోంచి దూరంగా మౌలాలి గుట్ట. ఒక వైపు గోడంతా అద్దం, దాని వెనక మూడు స్టీలు ట్యాంకులు. శనివారం క్యాంపస్‌లో నా ల్యాబు అయిపోగానే నడుచుకుంటూ వెళ్ళేదాన్ని. మా వారు ఇంటి నుంచి వచ్చేవారు.

ఆయన మద్యం ముట్టరు. మిరియాల కోడి వేపుడు, నిమ్మ సోడా చాలు. బీరు నాది, ఒక్క గ్లాసు. వడ్డించేది ఎవరైనా సరే, ఆ గ్లాసు తెచ్చి ఆయన ముందే పెట్టేవాళ్ళు. పక్క బల్లల వాళ్ళు చూడనప్పుడు ఆయన దాన్ని నా వైపు జరిపేవారు. యాభై దాటినదాన్ని, యూనివర్సిటీలో మైక్రోబయాలజీ చెప్పేదాన్ని, ఈస్టు గురించి గంటల తరబడి మాట్లాడేదాన్ని. అయినా తెనాలి నుంచి మా అన్నయ్య ఫోన్ చేసి ఎక్కడున్నారని అడిగితే, హోటల్లో భోంచేస్తున్నామనేదాన్ని. అబద్ధమేం కాదుగా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

ఒక శనివారం అద్దం వెనక ఒకమ్మాయి మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని, పైపు పట్టుకుని ట్యాంకు కడుగుతోంది. తల తిప్పింది. నాలుగేళ్ళ కిందట నా దగ్గర ఎమ్మెస్సీ చేసిన పిల్ల. మహబూబ్‌నగర్ వైపు పల్లె. ప్రాక్టికల్స్‌లో అందరికంటే శుభ్రంగా పనిచేసేది. నన్ను చూడగానే ట్యాంకు వెనక్కి తప్పుకుంది. నేను చేతిలో గ్లాసు గబుక్కున కింద పెట్టేశాను. ఇద్దరం ఒకరిని చూసి ఒకరం దాక్కున్నాం. మా వారికి నవ్వాగలేదు.

కాసేపటికి తనే బయటికొచ్చి నమస్తే పెట్టింది. ఏడాదిగా అక్కడే పనిచేస్తోందట. పెద్దాయన ఒకరు నేర్పించి బెంగళూరు వెళ్ళిపోయాక అంతా తనే చూసుకుంటోందట. బౌద్ధనగర్‌లో గది. ఇంట్లో మాత్రం ఫుడ్ కంపెనీలో ల్యాబు ఉద్యోగమని చెప్పిందట. ఆ మాట అంటూ నా గ్లాసు వైపు చూసింది.

తర్వాత ప్రతి శనివారం రెండు నిమిషాలు బల్ల దగ్గరికి వచ్చి నిలబడేది. ఒకసారి చిన్న గ్లాసులో ఏదో తెచ్చి రుచి చూడమంది. కొంచెం పుల్లగా, చివర్లో కాల్చిన రొట్టె వాసన. జొన్నలతో చేసిందట. నానబెట్టి, మొలకెత్తించి, మేడ మీద ఆరబెట్టి, యవలతో కలిపి చేసిందట. బాగుందన్నాను. నిజంగానే బాగుంది.

వానలు మొదలయ్యే రోజుల్లో ఆ అమ్మాయి క్యాంపస్‌లో నా గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. వాళ్ళ ఊరాయన ఒకరు తను పనికి వెళ్తుండగా చూసి, బారులో పనిచేస్తోందని ఊళ్ళో చెప్పాడట. నాయిన ఫోన్ చేసి, అరవలేదు, తిట్టలేదు, ఆదివారం వస్తున్నానని మాత్రం అన్నాడట.

"గాడికే తీస్కపోయి చూపిస్త మేడం. ఇంగ దాసిపెట్టేదేం లేదు. మీరొక్కరు పక్కన కూసోండ్రి, చాలు."

నాకు వెళ్ళాలని లేదు. వేరేవాళ్ళ ఇంటి విషయమని చెప్పబోయాను. కానీ ఆ ఉద్యోగానికి సిఫార్సు ఉత్తరం రాసింది నేనే. అప్పట్లో ఫుడ్ కంపెనీ అంటే నేనూ నమ్మాను. వస్తానన్నాను.

ఆదివారం పదకొండింటికి, ఇంకా ఎవరూ రాకముందు, తండ్రిని కాచిగూడ స్టేషన్ నుంచి ఆటోలో తీసుకొచ్చింది. సన్నటి మనిషి, ఉతికిన తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు. నాకు నమస్కారం పెట్టి, కుర్చీ అంచున కూర్చున్నాడు. అమ్మాయి ఆయన్ని అద్దం వెనక్కి తీసుకెళ్ళింది. నేనూ వెళ్ళాను. ఏది ఎందులో ఉడుకుతుందో, ఎన్ని రోజులు పులుస్తుందో ఆమె చెబుతూ పోయింది. నా ముందు వైవా చెప్పినప్పటికంటే బాగా చెప్పింది. ఆయన మొలకెత్తించిన యవల బస్తాలోంచి నాలుగు గింజలు తీసుకుని నమిలి, తియ్యగ ఉన్నయన్నాడు. వడకట్టిన పిప్పి ఏం చేస్తారని అడిగాడు. మౌలాలి వైపు బర్రెలు పెట్టుకున్నవాళ్ళు వచ్చి తీసుకెళ్తారంది. పాలు మంచిగా ఇస్తున్నాయా అని అడిగాడు. నాకు కాస్త ఊపిరాడింది.

అప్పుడు మూలన ఉన్న చిన్న సంచి ఆయన కంట పడింది. వంగి, చెయ్యి పెట్టి తీసి చూశాడు. తన చేలో పండిన గింజ ఆయనకు తెలియదా.

"గివి మన జొన్నలు గద. రొట్టెలకని తీస్కపోతివి."

అమ్మాయి తలొంచుకుంది. ఆయన గింజలు మళ్ళీ సంచిలో పోసి, చేతులు దులుపుకోకుండానే బయటికి నడిచాడు.

బల్ల దగ్గర ముగ్గురం కూర్చున్నాం. వంటవాళ్ళు అన్నం, నాటుకోడి పులుసు తెచ్చిపెట్టారు. ఆయన తినలేదు. కూతురితో కాకుండా నాతో, తన తమ్ముడి సంగతి చెప్పాడు. తాగి తాగి ముప్పై ఎనిమిదేళ్ళకే పోయాడట. అతని పిల్లలిద్దరినీ ఈయనే సాకి పెద్ద చేశాడట. అప్పటి నుంచి ఇంట్లో ఆ వాసన రానివ్వలేదట. చెప్పడం అయ్యాక నన్ను నేరుగా చూశాడు.

"మీరు సదువు జెప్పేటోళ్ళు. మీరు తాగుతరా మేడం?"

ఏళ్ళుగా ల్యాబులో పిల్లలకు చెబుతూ వచ్చాను, రావలసిన రీడింగు కాదు, వచ్చిన రీడింగే రికార్డులో రాయమని. దానికోసం ఎంతమంది మార్కులు తీసేశానో. ఇప్పుడు తాగనని చెబితే ఆయనకు ఊరట, నాకు మర్యాద. కానీ అమ్మాయి నా వైపే చూస్తోంది.

"తాగుతానండి," అన్నాను. "వారానికి ఒక గ్లాసు. ఇక్కడే. ఇది తెలిసింది మా వారికి, మీ అమ్మాయికి. ఇప్పుడు మీకు."

ఆయన ముఖంలో ఏం కదిలిందో నాకు అర్థం కాలేదు. కోపమైతే కాదు. కూతురి వైపు తిరిగి అన్నాడు.

"నాకు పడదు బిడ్డా. రేపు గూడ పడదు. గట్లని ఇంత నేర్సుకున్నదాన్ని ఇడిసిపెట్టమని నోరు వస్తలేదు. ఊర్ల అడిగితే నేనే జెప్త, బీరు జేస్తదని. గని నాకు అబద్దం జెప్పకు."

ఆమె సరేనంది. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, చల్లారిపోయిన అన్నం కలుపుకున్నాడు. పులుసులో ఉప్పు తక్కువైందన్నాడు. నిజమే, తక్కువైంది.

తిరుగు రైలుకు దింపడానికి నేనూ ఆటో ఎక్కాను. దారిలో, మీ యూనివర్సిటీలో దీనికి టీచరు కొలువేమన్నా దొరుకుతుందా అని అడిగాడు. ఆయన మనసు ఇంకా వేరే దారి వెతుక్కుంటోందని తెలిసింది. దొరకడం కష్టమని, తనకంటే ముందు చదివినవాళ్ళే గెస్టు పాఠాలు చెప్పుకుంటూ ఎదురుచూస్తున్నారని ఉన్నదున్నట్టు చెప్పాను. తల ఊపి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత అన్నీ చక్కబడ్డాయని చెప్పలేను. ఆ అమ్మాయికి వచ్చిన ఒక సంబంధం ఈ ఉద్యోగం మాట విని వెనక్కి పోయింది. ఊళ్ళో ఆయన్ని ఎగతాళి చేసినవాళ్ళూ ఉన్నారట. తమ్ముడి పిల్లలు ఆమెతో కొన్నాళ్ళు మాట్లాడలేదట. అవన్నీ శనివారాల్లో కొంచెం కొంచెంగా, ఇప్పుడు నిలబడి కాదు, మా బల్ల దగ్గర కూర్చుని చెప్పేది.

దసరా దాటాక ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి ఎవరూ తీసుకురాలేదు. ఆసుపత్రి పని మీద నగరానికి వచ్చి, భోజనం వేళకు నేరుగా మెట్లెక్కి వచ్చేశాడట. మేమప్పుడు అక్కడే ఉన్నాం. దూరంగా మూల బల్ల చూసుకుని, అద్దం గోడకు వీపు పెట్టి కూర్చున్నాడు. అమ్మాయి బూట్లు విడిచి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆయన మమ్మల్ని చూసి చెయ్యెత్తాడు. పిలుస్తాడేమోనని చూశాం, పిలవలేదు. తండ్రీకూతుళ్ళు తలలు వంచుకుని, చేప ముళ్ళు తీసుకుంటూ, తీరిగ్గా తింటున్నారు.