చలికాలంల తల్లులుండవు

ఆ శనివారం పొద్దున బోను ఊచల సందులోంచి రెండు వేళ్లు పోనిచ్చి మానుపిల్లి పొట్ట తడిమినప్పుడు ఎంకన్నకు తెలిసిందా, తెలియలేదా? చదువుతున్న పుస్తకం మధ్యలో మూసి ఇప్పటికీ ఇదే అడుగుతుంటాను. తెలిసిందని ఒకసారి అనిపిస్తుంది, తెలియలేదని ఇంకోసారి. రెండిట్లో ఏది నిజమైనా నా ప్రాణం స్థిమితపడదు.

మా వారు అచ్యుతరామయ్యగారు యూనివర్సిటీలో జంతుశాస్త్రం చెప్పేవారు. డిపార్ట్‌మెంటులోని చిన్న మ్యూజియం కూడా ఆయన చేతికిందే ఉండేది. ఎంకన్న అక్కడ రోజుకూలీ. చచ్చిన జంతువు తోలు ఒలిచి, శుభ్రం చేసి, లోపల తీగా దూదీ కూరి, బతికున్నట్టే నిలబెట్టి అద్దాల బీరువాలో పెట్టడం అతని పని.

అతను నల్లమల కొండల మీద పెరిగినవాడు. కుర్రతనంలో చలికాలమంతా అడవిలోనే గడిపేవాడట. మంచు పడుతున్నప్పుడు జంతువుల బొచ్చు ఒత్తుగా పెరుగుతుంది, తోలుకు విలువ అప్పుడే. అడవిపిల్లికి, మానుపిల్లికి, ముంగిసకు ఉచ్చులు పన్ని, దొరికినవాటి తోళ్లు ఒలిచి ఆరబెడితే కింద ఊళ్లనుంచి షావుకార్లు వచ్చి పట్టుకుపోయేవారు. వేట కూడదని చట్టం వచ్చాక షావుకార్లు కనబడడం మానేశారు. ఎంకన్న కొన్నాళ్లు కట్టెలు కొట్టి, ఒక ఏడు కొండ చూడ్డానికి వచ్చిన మా డిపార్ట్‌మెంటు వాళ్లకు సామాను మోసి, వాళ్ల వెంటే బస్సెక్కి వచ్చేశాడు. భార్య ఈరమ్మ ఆడపిల్లల హాస్టల్లో ఊడ్చేది. కాపురం గోల్నాకలో, మూసీ పొంగితే నీళ్లొచ్చే గదిలో.

కొండ దిగేటప్పుడు అతను వెంట తెచ్చుకున్నది కత్తి ఒక్కటే. లారీ కమాను పట్టీ ముక్కతో కొట్టించుకున్నది, నూనెగుడ్డలో చుట్టి నడుముకు కట్టుకునేవాడు. అలుగు, అంటే కోసే అంచు, వంపు దగ్గర మహా పదును. మొన మాత్రం మొద్దు. మొద్దుగా ఎందుకుంచావని ఒకసారి అడిగాను.

"మొన సూది లెక్క ఉంటే తోలుకు బొక్క పడ్తదమ్మా. కొయ్యొద్దు, జర జర విడిపియ్యాలె. అంగీ విడిసినట్టు రావాలె."

ఏదీ చూద్దామని చెయ్యి చాపాను. అతను ఇవ్వలేదు. నేలమీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగాడు.

"గాడ పెట్టిన, తీస్కోండ్రి. కత్తి చేతుల నుంచి చేతులకు ఇస్తే పొత్తు తెగుతది."

ఉప్పు చేతికివ్వని ఇంట్లో పుట్టిన దాన్ని, నాకు వింతేమీ అనిపించలేదు. పక్కనే ఉన్న ఈరమ్మ నవ్వింది. "నేను రోజు చెయ్యి చాపుతనే ఉన్నమ్మా. ఒక్కసారి ఇస్తే నా పీడ పోతుండె. ఇయ్యడు, గట్టోడు."

కొండమీది మరో కట్టుబాటు కూడా అతని నోట చాలాసార్లు విన్నాను. కార్తీకం వెళ్లాక ఉచ్చు పెట్టాలి, శివరాత్రికి తీసెయ్యాలి. ఆ తర్వాత ఆడవి పిల్లలమీద ఉంటాయి. "చలికాలంల తల్లులుండవు" అనేవాడు. అయినా సరే, ఏది దొరికినా ముందు పొట్టమీద చెయ్యి వేసి చూడాలని, పాలుంటే వదిలెయ్యాలని అతని తండ్రి చెప్పాడట.

తొంభై నాలుగు జనవరిలో తార్నాకలో మా ఇంటి పైకప్పులో చప్పుళ్లు మొదలయ్యాయి. పాత ఇల్లు. పైన బెంగుళూరు పెంకులు, వాటికింద చెక్క సీలింగు. ఎంకన్న వచ్చి గోడమీద గీతలు చూసి, రెట్టలో అరటిగింజల్లాంటివి కర్రతో కదిపి, మానుపిల్లి అన్నాడు. పిల్లికంటే పొడుగు, ఒంటికి సమంగా తోక, చెట్లమీద పళ్లు తినే జీవి.

మా వారికి పండగైపోయింది. "చూశావటోయ్. మ్యూజియంలో లేని జంతువు మన నెత్తిమీదే కాపురముంది. అటవీశాఖ అనుమతి నేను తెస్తాను. నువ్వు దాన్ని మహారాజులా నిలబెట్టు. ఈసారి పర్మనెంటు పోస్టుకి నీ పేరు రాస్తున్నాను. రాయడానికి నాకూ ఒక ఆధారం ఉండాలి కదా?"

వెంట వచ్చిన ఈరమ్మ అడిగింది. "పర్మనెంటంటే క్వార్టరు గూడ ఇస్తరా సారు?"

"ఇవ్వక చస్తారా?"

ఈరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఒక్క మాట కోసం వాళ్లు ఏళ్లకేళ్లు ఎదురుచూశారు.

అనుమతి వచ్చాక, బాగా మాగిన అరటిపండు పెట్టి పెరటి గోడమీద బోను ఉంచాడు. శనివారం తెల్లారేసరికి పడింది. మానుపిల్లి అరవలేదు, మూలకు ఒదిగి కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది. ఎంకన్న బోను వాకిట్లోకి దించి, మోకాళ్లమీద కూర్చుని వేళ్లు లోపలికి పోనిచ్చాడు. పొట్ట తడిమాడు. చెయ్యి అక్కడే ఆగింది. తలెత్తి మా పెంకులవైపు ఒకసారి చూశాడు. వాకిట్లో నేను, నా పక్కన ఈరమ్మ.

"ఏమైంది?" అన్నాను.

"ఏం లేదమ్మా. చలికాలమే గదా."

బోనుమీద గోనెపట్టా కప్పి రిక్షాలో డిపార్ట్‌మెంటుకు తీసుకుపోయాడు. ఆదివారమంతా పైకప్పు నిశ్శబ్దంగా ఉంది. మా వారు హాయిగా నిద్రపోయారు.

సోమవారం మందు వాసన చూపించి దాన్ని చంపారు. మ్యూజియం వెనక గదిలో, కిటికీ పక్క బల్లమీద ఎంకన్న పని మొదలుపెట్టాడు. చూడాలనిపించి నేనూ వెళ్లాను. బొచ్చు రెండువైపులకూ దువ్వి, పొట్ట నడుమ కత్తి ఆనించి, బెత్తెడు మేర కిందికి లాగాడు. నెత్తురు వస్తుందని నేను కళ్లు చికిలించుకున్నాను. నెత్తురు రాలేదు. అలుగు వెంట తెల్లగా జారింది.

ఎంకన్న చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"ఏవిటయ్యా అది, చీము కాదు కదా?" మా వారు ముందుకు వంగారు.

"పాలు సార్."

కత్తి మొద్దు మొనమీద ఒక చుక్క నిలిచి, బల్లమీద పడింది. ఎంకన్న నావైపు తిరిగాడు. పెదవులు తెల్లబడిపోయాయి. "ఇంటి తాళం, అమ్మా" అన్నాడు.

తాళంచెవి తీసుకుని అతను పరిగెత్తాడు. యూనివర్సిటీ రోడ్డున పోయే పిల్లలు ఆగి చూస్తున్నారు. నేను ఆటోలో వెళ్లేసరికి పెంకులు తీసి సీలింగులోకి దిగి ఉన్నాడు. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత అతని చెయ్యి కిందికి వచ్చింది. అరచేతిలో పిల్ల, కళ్లు కూడా తెరవలేదు, కట్టెలా బిగుసుకుపోయి ఉంది. చూరు కింద నిలబడి నా చీర కొంగు పట్టాను. రెండోదీ అలాగే ఉంది. మూడోదాన్ని అతను కిందికి ఇవ్వలేదు. అంగీ గుండీలు విప్పి ఒంటికి ఆనించుకుని దిగాడు.

"ఊపిరున్నది" అన్నాడు. అంతే.

కొండమీద ఆకురాలితే పళ్లుండవు, మానుపిల్లులు పిల్లల్నీ కనవు. తార్నాకలో చెత్తకుండీలున్నాయి, పెరటి సపోటాలున్నాయి, ఏడాది పొడుగునా తిండే. ఇక్కడి మానుపిల్లికి చలికాలమంటూ లేదని మా వారు ఆ సాయంత్రం వివరించారు. "కొండ లెక్క ఊళ్లో వేస్తే ఎలాగయ్యా, పొరపాటే, నీ తప్పేం లేదు" అని ఓదార్చారు కూడా. ఎంకన్న వింటున్నట్టు లేదు. ఈరమ్మ గుడ్డపీలికను మేకపాలలో ముంచి పిల్ల నోట పెడుతోంది.

"పొట్ట తడిమినవు గద," అంది తల ఎత్తకుండా. "నేను జూసిన."

ఎంకన్న పాలగిన్నె ఆమె దగ్గరికి జరిపాడు.

"క్వార్టరు కోసమేనా?"

అతను పిల్లను తీసి మళ్లీ అంగీలో పెట్టుకున్నాడు. అంతవరకూ అది నాకు తట్టనేలేదు.

ఇక అతను పనికి రాడనుకున్నాను. మర్నాడే వచ్చాడు. పిల్ల అంగీలోనే ఉంది. తోలు పూర్తిగా ఒలిచి, ఉప్పూ పటికా పట్టించి, తీగ వంచి, కొమ్మ బిగించి, కొన్నాళ్లు ఎవరితోనూ మాట్లాడకుండా చేశాడు. పని పూర్తయిన రోజు మా వారు నన్ను కూడా పిలిచారు.

గాజుకళ్లు పెట్టిన మానుపిల్లి కొమ్మమీద నిలబడి ఉంది. పొట్ట కింద కుట్టు వెతికినా కనబడలేదు. ముందు కాలు ఒకటి పైకెత్తి ఉంది. మెడ సాచి, తల పైకి తిప్పి, గది కప్పువైపు చూస్తోంది.

"అద్భుతమోయ్!" అన్నారు మా వారు. "ఆ మెడ తిప్పడం చూడు, ఎంత జీవముందో. రేపు పొద్దున వచ్చి సంతకం పెట్టు. పోస్టు నీదే."

ఎంకన్న కత్తి కడిగాడు. గుడ్డతో తుడిచాడు. నేలమీద పెడతాడని చూస్తున్నాను. అతను మా వారి దగ్గరికి నడిచి, కుడిచెయ్యి పట్టుకుని, అరచేతిలో కత్తి పెట్టి, వేళ్లు తనే మూశాడు.

"నాకెందుకయ్యా ఇది?" మా వారు మురిసిపోయారు. "బహుమానమా?"

ఎంకన్న నా పక్కనుంచే గడప దాటాడు. అంగీలో ఏదో మెదిలింది, దానిమీద చెయ్యి ఆనించుకున్నాడు. చెట్టుకింద మూటతో కూర్చున్న ఈరమ్మ లేచింది. ఇద్దరూ హబ్సిగూడ వైపు రోడ్డు పట్టారు. మా వారు వెనకనుంచి రెండుసార్లు పేరుపెట్టి పిలిచారు. ఎంకన్న తిరిగి చూడలేదు.