నాన్న చివరి రిటర్ను

ఈ ఉదయం నా బల్ల మీద పెట్టిన సంచి విప్పగానే గదంతా ఎండు నెత్తళ్ళ చేపల వాసన. తెచ్చినాయనకు నలభై ఏళ్ళుంటాయి. గుండు మీద జుట్టు అప్పుడప్పుడే మొలుస్తోంది. తండ్రి ఆదాయపు పన్ను కాగితాలట. "నాయన రొయ్యల చెరువు కాడ ఉండాడు మేడమ్. ఫోను నా కాడే ఉండాది, ఓటీపీ చెప్పేస్తా," అన్నాడు. తోటపల్లి గూడూరులో నేనీ ఆఫీసు తెరిచి ఆరేళ్ళు. ఆ వాసనా ఆ మాటా ఒక్కసారే వచ్చేసరికి సుగుణమ్మ గారు వచ్చి ఎదురుగా కూర్చున్నట్టే అయింది.

సుగుణమ్మ గారు నెల్లూరులో ఒక మందుల షాపు పైన, ఒంటిగదిలో పన్ను రిటర్నులు వేసేవారు. మా నాన్న ఏకాంబరం కృష్ణపట్నం రేవులో ఓడల దగ్గరికి మనుషులను చేర్చే లాంచీ నడిపేవాడు. కాంట్రాక్టరు ఆయనకిచ్చే డబ్బులో ముందే పన్ను పట్టుకునేవాడు. నాన్న సంపాదనకు అసలు పన్నే పడదు కాబట్టి, ఏటా రిటర్ను వేస్తే అది తిరిగి వచ్చేది. మా జాలర్ల పాళెంలో రిటర్ను వేసే మనిషి ఆయనొక్కడే. అబ్బో, ఆ గర్వం చూడాలి! ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నన్ను వెంటబెట్టుకుని నెల్లూరు బస్సెక్కేవాడు. మా ఇంట్లో కాగితాల పెట్టె ఎండుచేపల డబ్బా పక్కనే ఉండేది. "ఏకాంబరం మెట్లెక్కతా ఉండాడని నాకు ముందే తెలిసిపోతాదబ్బా," అని ఆవిడ ముక్కు మూసుకుని నవ్వేవారు. నాన్న అంతకన్నా గట్టిగా నవ్వేవాడు. "మా కావేరి బీకాం చదవతా ఉండాది మేడమ్. రేపు మీ కుర్చీకే ఎసరు పెడతాది, చూసుకోండి," అనేవాడు.

నేను ఆఖరి ఏడాదిలోకి వచ్చిన వేసవిలో నాన్న గుండెపోటుతో పోయాడు. ఆ ఏటి రీఫండు నా కాలేజీ ఫీజుకని ఆయన ముందే అనుకున్నాడు. ఫీజుకు గడువు నెలన్నర. ఆయన పోయిన సంగతి బ్యాంకులో మేమింకా చెప్పలేదు. ఆయన ఏటీఎం కార్డు ఇంట్లో పెట్టెలోనే ఉంది, ఫోను నా దగ్గరుంది. ఎప్పటిలా నాన్న పేరుతోనే వేసేస్తే గండం గడిచిపోతుందనుకున్నాను. ఒక్కదాన్నే ఆ మెట్లెక్కాను.

"నాయన రాలేదే?" అన్నారు సుగుణమ్మ గారు.

"లాంచీ మీద ఉండాడు మేడమ్." అన్నాను.

ఆవిడ మా ఫైలు తీశారు. "పాన్ కార్డు జిరాక్సు చెరిగిపోయింది పాపా. కార్డు తెచ్చినావా?"

"పర్సులో ఉన్నింది. పర్సు సముద్రంలో పోయింది మేడమ్."

"అయ్యో, జారిపోయిందా?"

"లేదు. చొక్కాతో పాటు వదిలేసినాం."

అన్నాక గానీ నేనేం చెప్పానో నాకే తెలియలేదు. మా పాళెంలో మనిషి పోతే, కర్మ రోజున వాళ్ళు తొడుక్కున్న బట్టలు, వాడుకున్న వస్తువులు సముద్రంలో వదులుతారు. అమ్మ జేబు తడిమి చూడలేదు. నాన్న చొక్కా ఎలా ఉన్నదో అలాగే అలకు ఇచ్చేసింది. సుగుణమ్మ గారు కూడా సముద్రం ఒడ్డు ఊళ్ళో పుట్టిన మనిషే. కీబోర్డు మీంచి చేతులు తీసేశారు. మంచినీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపి, "ఎప్పుడు పాపా?" అన్నారు. అంతే, భోరున ఏడ్చాను.

ఏడుపయ్యాక మళ్ళీ మొండికేశాను. "ఆయన పేరుతోనే వేసేయండి మేడమ్. ఎవురికి తెలస్తాది?"

"నీకు తెలస్తాది, నాకు తెలస్తాది, చాలదా?" ఆవిడ గొంతు పెరిగింది. "ఇన్నేళ్ళలో ఏకాంబరం ఒక్క దొంగ కాయితం మీద సంతకం పెట్టలేదు. ఆఖరుది నువ్వు దొంగది చేస్తావా? ఆయన పోయినాడని రాయి. వారసురాలని నీ పేరు రాయి. ఆలస్యమైతే అయితాది."

"మరి ఫీజో?"

"సాయంత్రాలు ఇక్కడికొచ్చి పని చెయ్యి, జీతమిస్తా. దానం మాత్రం చెయ్యను."

నాకు ఒళ్ళు మండిపోయింది. తండ్రి పోయిన పిల్లతో ఇలాగా మాట్లాడేది అని దారంతా తిట్టుకున్నాను. అయినా మర్నాడు సాయంత్రం వెళ్ళాను. మొదటి నెల జీతం, అమ్మ కుదువ పెట్టిన కమ్మలు కలిపి ఫీజు కట్టాను. మరణ పత్రం తెచ్చాను. కుటుంబ సభ్యుల పత్రం కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. నాన్న గేటు పాసు కోసం ఇచ్చిన పాన్ జిరాక్సు కాంట్రాక్టరు దగ్గర దొరికింది. అన్నీ చేతికొచ్చాక, మరణించిన తేదీ అడిగే గడి దగ్గర నా వేళ్ళు ఆగిపోయాయి. "మీరు కొట్టండి మేడమ్," అన్నాను. ఆవిడ కదల్లేదు. "కూతురివి. నువ్వే కొట్టాల," అన్నారు. కొట్టాను.

ఐదో నెలలో డబ్బు నా ఖాతాలో పడింది. కమ్మలు ఇంటికొచ్చాయి. దానికన్నా ముందు పన్నుల శాఖ నుంచి వచ్చిన కాగితం నాకు ముఖ్యం. అందులో నాన్న పేరు ముందు కీర్తిశేషులని ఉంది, ఆ పక్కనే వారసురాలిగా నా పేరు. చదివి వినిపిస్తే అమ్మ, "మళ్ళా చదువు," అంది. మూడుసార్లు చదివించుకుని, పోయి పక్కింటామెను పిలుచుకొచ్చింది. సుగుణమ్మ గారు తన ఫీజు పైసా తగ్గించకుండా తీసుకుని నాన్న పేరుతో రసీదు రాశారు. "ఊరికే చేస్తే ఏకాంబరాన్ని చిన్నచేసినట్టు కాదా?" అన్నారు. నాకప్పటికి ఆవిడ అర్థమయ్యారు. ఏకాంబరం కూతురినని ఆ రోజు బస్సులో అందరికీ చెప్పాలనిపించింది.

రెండేళ్ళ క్రితం సుగుణమ్మ గారు పోయారు. ఆవిడ చివరి రిటర్ను కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని నేనే వేయించాను. ఫీజు మొత్తం అడిగితే ఆయన కొంచెం విచిత్రంగా చూశాడు. ఆవిడైతే మెచ్చుకునేవారు.

ఈ ఉదయం సంచి తెచ్చినాయన చెప్పబోయిన ఓటీపీ నేను వినలేదు. ఫోను ఆయన వైపే జరిపి, మంచినీళ్ళు పెట్టాను. "నాయన ఎప్పుడు పోయినాడన్నా?" అన్నాను. ఆయన తల దించుకున్నాడు. తేదీ చెప్పాడు.

కీబోర్డు ఆయన వైపు తిప్పాను.

"కొడుకువి. నువ్వే కొట్టాలన్నా."