అక్క నాడి నూట ఇరవై

ఇవాళ ఎల్బీ నగర్‌లోని క్లినిక్‌కు మెట్లెక్కి, ఆయాసంతో కూర్చున్నాను. నర్సు నా వేలికి ఆక్సీమీటర్ తగిలించింది. నూట ఎనిమిది ఉన్న నాడి క్రమంగా ఎనభై రెండుకు దిగుతుంటే, మూడో తరగతి నాటి అసూయ ఒకటి గుర్తుకొచ్చింది.

అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్‌లో మూడో అంతస్తులో కిరాయికుండేవాళ్లం. అక్కకు జ్వరం. నాన్న గడియారం చూస్తూ ఆమె నాడి లెక్కించి క్యాలెండర్‌పై రాసేవారు. ఆరోజు నూట ఇరవై. మార్కుల్లాగే ఇందులోనూ ఎక్కువ వస్తేనే గొప్ప అనుకున్నాను. మెట్లన్నీ నాలుగుసార్లు దిగి ఎక్కి, పరుగున వచ్చి చెయ్యి చాచాను.

“నాది గూడ సూడు నాన్నా!”

“జర ఆగు. అక్కకు మందు తాపనీ.”

అక్క మారాం చేసి మందు మింగేసరికి అయిదు నిమిషాలు గడిచాయి. అప్పుడు నాన్న నా నాడి చూశారు.

“ఎనభై ఆరు. నీకేమైంది బిడ్డా, మంచిగనే ఉన్నవ్. పోయి ఆడుకో.”

“దొంగ జొరం!” దుప్పట్లోంచి అక్క నవ్వింది.

పరుగు ఆగగానే గుండెకు కళ్లెం వేసే నరం ఒకటుందని చాలా ఏళ్లకు చదివాను. ఆనాడు మాత్రం నా గుండె కూడా అక్క పక్షాన చేరిందనే అనుకున్నాను. నా మణికట్టును నాన్న సరిగ్గా ఒక్క నిమిషం పట్టుకున్నారు. అక్క చేతిని లెక్క పూర్తయ్యాక కూడా వదల్లేదు.