రత్నం తెలుగులో మాట్లాడింది

ఆదివారం బర్మా నుంచి చైనాలోని యునాన్‌కు ప్రయాణమని ఈ మధ్యాహ్నం సంచి సర్దుకుంటున్నాను. దాలి పాత కోట, మంచుకొండలు, తేయాకు మోసిన గుర్రాలు నడిచిన రాతిబాట చూడాలనే రెండేళ్లుగా చైనీస్ నేర్చుకుంటున్నాను. అక్కడ టూరిస్టు గైడుగా చేరానన్న నా స్నేహితురాలు రత్నం (పేరు మార్చాను) నాకూ ఉద్యోగం చూసింది. రోజూ కొండల ఫోటోలు పంపేది.

ఇంతలో తనే వీడియో కాల్ చేసింది. వెనక ఉత్త తెల్లగోడ. జీతం, గది, భోజనం అన్నీ బాగున్నాయని బర్మీస్‌లో గలగలా చెప్పింది. నేను తెలుగులో అడిగినా చిన్నప్పటినుంచీ బర్మీస్‌లోనే బదులిచ్చే పిల్ల, నవ్వు చెదరకుండా తెలుగులోకి మారింది.

“ఒలే, నవ్వుతూనే ఇను. నువ్వు రావొద్దు. ఇది సైనా కాదు, సరిహద్దుకి ఇవతలే. మమ్మల్ని బయటికెల్లనివ్వరు. మాయమ్మకి సెప్పు.”

“ఏటే నువ్వనేది?” అన్నాను నవ్వుతూనే.

పక్కనుంచి ఒక మగగొంతు బర్మీస్‌లో అడిగింది, “అదేం భాష?”

“మా మామ్మ పాట,” అంది రత్నం.

“అయితే మొత్తం పాడు,” అన్నాడతను. కాల్ తెగిపోయింది.

వెంటనే పడవెక్కి నది అవతల దలా ఊరికి వెళ్లి వాళ్లమ్మకు చెప్పాను. తిరిగొచ్చేసరికి రత్నం నంబరు నుంచి మంచుకొండ ఫోటో, కింద అచ్చ తెలుగు లిపిలో: “ఆదివారం తప్పక విచ్చేయండి.”

రత్నానికి తెలుగు రాయడం రాదు. నన్ను ‘మీరు’ అనే మర్యాద అంతకన్నా లేదు.

ఈ పోస్టు మీ కొద్దిమందికే కనిపిస్తుంది. రత్నాన్ని పట్టి ఉంచినవాళ్లకు అనుమానం రాకుండా ఏమని బదులివ్వాలో చెప్పండి. తెలుగు కూడా చదివేస్తున్నారు.